పద్మ గెలిచింది

మొన్న ఆదివారం పొద్దున భవానీపురం వెళదామని చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. చిన్ననాటి స్నేహితురాలు ఈత పద్మ. "ఒసేయ్ డిస్కసూ, మాస్టారు పోయారే! రాత్రి నిద్రలోనేనట," అని ఏడ్చింది. నేను బయల్దేరింది ఆయన దగ్గరికే. ఆయనకు చూపించాల్సిన పతకం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది.

మా హైస్కూల్లో డ్రిల్ మాస్టారాయన. క్లాసులో మేం ముగ్గురం పద్మలం. కాలవలో ఈదే పిల్లను ఈత పద్మ అన్నారు. కూతకెళితే ఒకర్ని ముట్టకుండా తిరిగి రానిదాన్ని కబడ్డీ పద్మ అన్నారు. "మగ్గం నేసే ఇంటి పిల్లవి, భుజాల్లో సత్తువుంటుంది," అంటూ నా చేతిలో డిస్కస్ పెట్టారు. అది నేననుకున్న వైపు ఎన్నడూ వెళ్లి చావలేదు. ఓసారి వెళ్లి హెడ్మాస్టరు గారి సైకిలు మీద పడింది.

మాస్టారిదో వింత పద్ధతి, వినండి. ఎవరు గెలిచినా మర్నాడు ప్రార్థనలో "పద్మ గెలిచింది" అని మాత్రమే చెప్పి, ముగ్గుర్నీ అరుగెక్కించేవారు. పతకం ముగ్గురి మెడల్లోనూ వరసగా పడాల్సిందే. ఆ తర్వాత మిరపకాయ బజ్జీలు ఆయనవే. వాళ్లిద్దరూ గెలుస్తూనే ఉండేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"నేను గెలవలేదు కదండీ," అని ఓసారి మొండికేశాను.

"ఓడినదాని చెమట ఉప్పగా ఉండదా ఏంటి? ఎక్కవే పైకి. నీ వంతొచ్చినప్పుడు వాళ్లూ ఎక్కుతారు," అన్నారు.

ఆ వంతు బళ్లో రాలేదు. పెళ్లి, పిల్లలు, చీరల కొట్టు... డిస్కస్ మరిచిపోయాను. ఆయన మరిచిపోలేదు. పంచెలు కొనడానికి కొట్టుకొచ్చినప్పుడల్లా "భుజం ఎలా ఉందే?" అనేవారు. ఆ పోరు పడలేకే యాభై దాటాక మళ్లీ పట్టాను. మొన్న శనివారం పెద్దవాళ్ల పోటీల్లో మూడో స్థానం వచ్చింది. నా మొదటి పతకం. ఒక్క పూట ఆగలేకపోయారా మాస్టారూ, అని ఇప్పటికీ కోపంగానే ఉంది.

భవానీపురంలో ఆయన్ను వరండాలో పడుకోబెట్టారు. బ్యాగు గుండెకు అదుముకుని నిలబడ్డాను. కబడ్డీ పద్మ పసిగట్టేసింది. పతకం లాక్కుని ముందు తన మెడలో వేసుకుంది, తర్వాత ఈత పద్మ మెడలో, చివరికి నా మెడలో వేసింది. ముగ్గురం భోరుమన్నాం.

మాస్టారి భార్య తలెత్తి, "ఎవరు గెలిచారమ్మా?" అని అడిగారు.

"నేను" అని చెప్పుకోవాలని బడి రోజుల నుంచీ ఎదురుచూశాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"పద్మ గెలిచిందండీ."

ఆవిడ ఆయన చెవి దగ్గరకు వంగి, అదే మాట మళ్లీ చెప్పారు.