ఏమీ అనిపించలేదు

కౌన్సెలింగ్‌కి వచ్చినవాళ్లు చెప్పేది వింటున్నప్పుడు కౌన్సెలర్లమైన మాకేమనిపిస్తుందన్నదే ఆ ఏడాది జరిగిన పరిశోధన. ఒకరు లేచి వెళ్లాక, ఇంకొకరిని పిలిచేలోపు నేనొక కాగితం నింపాలి. కోపం, జాలి, విసుగు, భయం, ఆప్యాయత. అట్టడుగున ఇంకో గడి: ఏమీ అనిపించలేదు. అది బద్ధకస్తుల కోసం పెట్టిన గడి అనుకునేదాన్ని. ఆ ఏడాదంతా వరసగా అందులోనే టిక్కులు పెడుతూ పోయాను.

గాజువాకలో మా క్లినిక్‌కి ఒకతను ఐదు మంగళవారాలు వచ్చాడు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ పని. ట్యాంకు కడగడానికి దిగిన తోటి మనిషి గ్యాసు పీల్చి చనిపోయాడు. పైన తాడు పట్టుకున్నది ఇతనే. మళ్లీ ఆ పనిలోకి వెళ్లొచ్చో లేదో నేను రాసివ్వాలి.

"బావ దిగినాడు. నాను పైనున్నాను. తాడు లాగితే రాలేదు మేడమ్," అన్నాడు, బస్సు ఆలస్యమైన సంగతి చెప్పినట్టు.

"ఇప్పుడెలా ఉంది?"

"తింతన్నాను, తొంగుంతన్నాను. ఇంకేటుంది?"

నాకూ ఏమీ లేదు. అతను మాట్లాడుతుంటే సాయంత్రం ఏ కూర వండాలా అని ఆలోచించాను. నాకు గుబులు పుట్టడం లేదంటే అతను కుదుటపడ్డట్టే అనుకున్నాను.

మా నాన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. మా ఇంట్లో బావ అంటే చుట్టరికం, ఊరికే వాడే మాట కాదు. ఇక్కడ బడికెళ్తే మగపిల్లలంతా ఒకరికొకరు బావలే. ఆటోవాడూ బావే, టీకొట్టువాడూ బావే. ఇక్కడ ఆ మాట పట్టించుకోనక్కర్లేదని చిన్నప్పుడే నేర్చుకున్నాను, అదో గొప్పగా. అందుకే ఫైల్లో 'తోటి కార్మికుడి మరణం' అని రాసి ఊరుకున్నాను.

ఆరో మంగళవారం ఉత్తరం సిద్ధం చేసి ఉంచాను, పనికి వెళ్లవచ్చని. అతని వెంట వాళ్లక్క వచ్చింది.

"డ్యూటీకెల్లమని రాసేత్తన్నావంట కదమ్మా," అందామె. "ఒక్కింట్లోనే ఉంతన్నాం. మా ఆయన పోయినకాడ్నించి ఈడు నా మొకం సూడ్లేదు."

"మీ ఆయనకేమైందమ్మా?" అని అడిగాను. అంత మొద్దునైపోయాను.

అతనే జవాబిచ్చాడు, నేల చూస్తూ. "మొదటి రోజే సెప్పాను కదా మేడమ్. బావ అని."

ఉత్తరం సొరుగులో పెట్టేశాను. ఇప్పుడే పనికి వద్దు, వచ్చే వారం ఇద్దరూ రండి అన్నాను. సిగ్గుపడాలని తెలుసు, కానీ సిగ్గు రాలేదు. అబద్ధం రాయలేక ఆరో కాగితంలో కూడా ఆ అడుగు గడిలోనే టిక్కు పెట్టాను. పక్కన ఖాళీలో ఒక్క మాట రాశాను: బావ.

కొన్నాళ్లకి, కాగితాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే అమ్మాయి ఫోన్ చేసింది.

"మేడమ్, ఒకచోట 'భావం' అని రాయబోయి వత్తూ సున్నా మర్చిపోయారు. ఏ భావమో కూడా రాయలేదు."

"వత్తు లేదమ్మా. బావే," అన్నాను. "అతని అక్క మొగుడు."

ఆ అమ్మాయి హలో, హలో అంటూనే ఉంది. నేను ఏడుస్తున్నాను.