పలకని హాజరు

తడి సున్నం వాసన తగిలితే నాకు కడపలో మా చర్చి వెనకున్న చిన్న శ్మశానం గుర్తొస్తుంది. తెల్లదొరల నాటి యుద్ధకాలంలో చనిపోయిన పన్నెండు మంది ఇంగ్లీషు సైనికుల సమాధులు అక్కడుండేవి. వాటికి సున్నం కొట్టడం మా అమ్మ పని.

నాకప్పుడు ఏడేళ్లు. ప్రతి రాతి మీదా ఇంగ్లీషులో పేరు, దాని కింద ఒక అంకె ఉండేవి. అది బడిలో హాజరు నంబరు లాంటిదనుకున్నాను. ఒకే నంబరు ఇద్దరికెందుకుందో మాత్రం తెలియలేదు. ఒక మధ్యాహ్నం టీచరులా నిలబడి, "పంతొమ్మిది! ఇరవై ఒకటి! ఇంకో పంతొమ్మిది!" అని గట్టిగా పిలిచాను.

అమ్మ పరుగెత్తుకొచ్చి సున్నపు చేత్తో నా నోరు మూసింది.

"పిలవొద్దు పాపా! లేసొస్తే యాడికి పంపిస్తాము? వాళ్లమ్మలు యాడుండారో మనకు తెల్దు."

ఆ తర్వాత చాలా రోజులు వాకిట్లో అలికిడైతే వాళ్లే వచ్చారని అమ్మ వెనక దాక్కునేదాన్ని.

ఆరో తరగతిలో ఇంగ్లీషు చదవడం వచ్చాక, అవి వాళ్లు చనిపోయేనాటి వయసులని తెలిసింది. అప్పటికి మా అన్నకు పంతొమ్మిదేళ్లు. ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి అన్న చాప మీద నిద్రపోతున్నాడు. ఊపిరికి అతని ఛాతీ కదులుతోందో లేదో చూస్తూ, లేచేదాకా పక్కనే కూర్చున్నాను.