బావ చేసిన మైనం పొయ్యి

బావ చేసిన మొదటి పొయ్యిని మా మామ కాలితో తొక్కి చంపాడు. రెండోదాన్ని గోడకేసి కొట్టాడు. మూడోది మామను కాల్చింది. మొత్తం మీద పొయ్యిలకే ఓపిక ఎక్కువ.

తొంభైల చివరి మాట. తమిళనాడు కోవిల్‌పట్టిలో మా వీధి మగవాళ్ళు ఏటా ఆడి అమావాస్యకు, అంటే ఆషాఢ అమావాస్యకు, పడమటి కొండల దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి గుడికి నడిచేవాళ్ళు. వంట అడవిలోనే. ఆ గుంపుకు పెద్ద మా మామ, అమ్మకు అన్న. ఆయన చట్టం ఒకటే: ఎవడి ఇత్తడి గిన్నె వాడు మోయాల, మోయలేనివాడు ఇంట్లో ఉండాల. మా అక్క మొగుడు, అంటే మా బావ, అంతకు ముందేడు గిన్నెతో సహా బండమీంచి పడ్డాడు. గిన్నెకు సొట్ట పడింది, ఆయనకు నడుము పోయింది. సొట్ట మాత్రం బాగైంది. ఆ ఏడు రావద్దన్నాడు మామ. ఇంటి అల్లుణ్ణి కొండకు పిలవకపోతే, వీడు మావాడు కాదని వీధిలో మైకు పెట్టి చెప్పినట్టే.

బావ వాదించలేదు, రేకుల కత్తెర తీసుకున్నాడు. పాలపొడి డబ్బా కోసి పొయ్యి చేశాడు. సైకిలు చువ్వలు వంచి గిన్నెకు ఆనిక, పాత అల్యూమినియం రేకుతో గాలికి అడ్డం. ఒత్తికి నూలుమిల్లు దూది. నూనెకు బదులు, అగ్గిపుల్లలు ముంచగా ఫ్యాక్టరీలో మిగిలిన మైనం. కట్టెల మంట కాదు కాబట్టి ఇత్తడి అక్కర్లేదు, పలచటి సత్తు గిన్నె చాలు. అన్నీ కలిపినా మామ వక్కాకు పెట్టె అంత బరువు లేదు. డబ్బా అంచుకు వేళ్ళు తెగుతూనే ఉండేవి. ఆ నెత్తురుకు పొయ్యి ఎర్రగా, చాలా శుభంగా కనిపించేది. మామ మొదటిదాన్ని తొక్కింది మాత్రం, డబ్బా మీద ఉడికిన కూడు దేవుడికి పెడతావా అని.

మూడోదాన్ని బావ పెరట్లో అందరి ముందర వెలిగించాడు. బియ్యం ఉడుకుతుండగా మైనం ఎక్కువ కాగి మంట గిన్నె దాటింది. బావ మూత వేసేలోపే మామ నీళ్ళ బక్కెట్టు ఎత్తాడు. ఆయన అగ్గిపెట్టెలు నింపే షెడ్డులో మేస్త్రి. అక్కడ నిప్పు కనిపిస్తే చేతులు వాటంతటవే నీళ్ళు పోస్తాయి. మైనం కాచే షెడ్డులో మాత్రం ఇసకే పోస్తారు. అది ఆయన షెడ్డు కాదు.

కాగిన మైనంలో నీళ్ళు పడగానే మంట ఇంటి చూరు దాకా లేచింది. మామ చొక్కా చెయ్యి అంటుకుంది. బావ తన నడుము సంగతి మరిచి ఆయన్ని మట్టిలో పడదోసి, మీద కూర్చుని, గోనెసంచితో బాదాడు. మంట ఆరాక కూడా కొన్ని దెబ్బలు పడ్డాయి. బావ జాగ్రత్తగల మనిషి.

మామకు మోచేతి దాకా కట్టు పడింది. ఒంటిచేత్తో ఇత్తడి గిన్నె మోయలేడు, చట్టమేమో ఆయనదే. గుంపులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆయన రెండో చెయ్యి బాగానే ఉంది.

బయలుదేరే పొద్దున బస్టాండుకు మామ వచ్చాడు, వట్టి చేతులతో. పిలవకపోయినా బావ కూడా వచ్చాడు, పొయ్యి సంచి భుజాన వేసుకుని. మామ నేరుగా వెళ్ళి ఆయన చెంప పగలగొట్టాడు. బస్సులో నిద్రపోతున్నవాళ్ళు లేచారు.

"అంతమంది ఆడోళ్ళ ముందర కొడితివే, అల్లుడా."

"మంట ఉండె మామా."

"ఆరినాక?"

బావ చెంప రుద్దుకుంటూ సంచి సర్దుకున్నాడు. మామ ఆయన భుజం మీది సంచి లాక్కుని, మంచి చేతికి తగిలించుకుని, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఏమి నిలబడుకోని చూస్తావు?" అన్నాడు. "ఎక్కు."