దొరబిడ్డ బొట్టు

మా అన్న ఇంట్లో హాల్లోకి అడుగు పెట్టాలంటే నాకు రోత. గోడ పొడుగునా గాజు బీరువా, లోపల లైట్లు, ఆ లైట్ల కింద జర్మనీ పింగాణీ పిల్లోళ్లు. అందరికీ బూరె బుగ్గలే. ఎవురన్నా ఇంటికొస్తే మంచినీళ్లన్నా ఇయ్యకముందే ఒక బొమ్మను తీసి తలకిందులు చేసి, అడుగున ఉండే కంపెనీ ముద్ర చూపిస్తాడు. "పాతకాలం ముద్రప్పా, ఇప్పుడు దొరకదు" అంటాడు. వచ్చినోళ్లు ఏం చేస్తారు పాపం, ఆ బిడ్డ కింద చూసి తలూపుతారు. సొంత మనవరాలు ముట్టుకుంటే మాత్రం చేతి మింద ఒక్కటిచ్చినాడు. థూ, ఇదేం పిచ్చి.

ఈ పిచ్చికి విత్తనం మాయమ్మ బొమ్మే. మేం చిత్తూరులో ఉండేటప్పుడు నాయన పాతసామాన్ల అంగట్లో కొని తెచ్చినాడు. గొడుగు కింద కూర్చున్న జర్మనీ పిల్ల. అమ్మ దాన్ని దొరబిడ్డ అనేది. ప్రతి దసరాకీ బొమ్మల కొలువులో కింది మెట్టు మింద పెట్టి, నొసట తిలకం దిద్దేది. "ఆడపిల్ల మొగం బోడిగా ఉంటే ఎట్ల" అనేది. పాత బొట్టు మిందనే కొత్త బొట్టు. ఏండ్లు గడిచేకొద్దీ అది గట్టిపడి ఉబ్బెత్తుగా తేలింది. అమ్మకు చూపు తగ్గినాక కొంచెం ఎడమకు జరిగింది గూడా.

అమ్మ పోయినాక బొమ్మ నా దగ్గరే ఉండె. కొలువులో పెట్టేదాన్ని గానీ బొట్టు మాత్రం నేను పెట్టలేదు. ఆమె పెట్టిందే చాలనుకున్నా. ఈ మధ్య అన్న వచ్చి, "బీరువాలో భద్రంగా ఉంటాది మే, దసరాకి నువ్వే తీసకపో" అన్నాడు. ఆయనకీ అమ్మే గదా అని ఇచ్చినా.

దసరా ముందర అలిపిరి దగ్గర వాళ్లింటికి పోతే, బొమ్మ టేబుల్ మింద ఉండాది. నొసలు తెల్లగా, బోడిగా. పక్కన గోళ్ల రంగు తుడిచే మందు సీసా.

"అమ్మ బొట్టు యాడ, అన్నా?"

"ఆ మరకా? అది ఉంటే ఎవురూ అసలైన బొమ్మ అనుకోరు మే. సూడు, ఇప్పుడే జర్మనీ నుంచి దిగినట్లుండాది."

మరకంట. కన్నతల్లి పెట్టిన బొట్టు ఈ పెద్దమనిషికి మరక. ఆయన మొగం చూడాలంటేనే నాకు అసయ్యమేసింది.

"తీసకపో. మళ్లా బొట్టూ గిట్టూ పెట్టొద్దు" అన్నాడు.

నేను బొమ్మను ముట్టుకోలేదు. టేబుల్ కింద చెత్తబుట్టలో దూది కనపడింది, ఎర్రగా. వంగి తీసుకున్నా.

"అదెందుకు మే, చెత్త" అన్నాడు.

కొంగున ముడేసుకుని వచ్చేసినా. ఈ దసరాకి మా కొలువులో కింది మెట్టు మింద అమ్మ కుంకుమ భరిణె పెట్టినా. దాంట్లో ఆ దూది ఉండాది.