బీరువాకు గోడను చూపించిన అత్తయ్య

మా అత్తయ్య పోయిన నెలలో ఒక ఉదయం గుండెపోటుతో వెళ్లిపోయారు. జిగణిలో ఆమె పనిచేసే చెక్కపని ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను కుందలహళ్ళిలో మా ఆఫీసు మీటింగులో ఉన్నాను. కాఫీ తాగుతూ, ఎవరినో ఆటపట్టిస్తూ, అలాగే కుర్చీలో వాలిపోయారట. మా బొమ్మనహళ్ళి ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆమె మాటలే చెప్పుకుని నవ్వారు, నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ ధైర్యంతోనే నేనూ నాలుగు మాటలు రాస్తున్నాను.

పెద్దలది అనంతపురం వైపైనా అత్తయ్య పుట్టి పెరిగింది బెంగళూరులోనే. ఆడా మగా తేడా లేకుండా అందరినీ "అప్పా" అనేవారు. ఫ్యాక్టరీలో బీరువాలు, తలుపులు కంప్యూటర్లో డిజైన్ చేసే విభాగానికి ఆమే పెద్ద. ఎవరింటికి వెళ్లినా ముందు ఒక తలుపు తీసి, వేసి చూడాల్సిందే. పెళ్లిచూపుల్లో నన్ను పలకరించడానికి ముందే మా బీరువా తెరిచి బందులు ఊపి చూశారు. "వీళ్లు పిల్లను చూడ్డానికి వచ్చారా, బీరువానా?" అని మా అమ్మ నా చెవిలో గొణిగింది.

కాపురానికి వచ్చిన కొత్తలో మా మాటలు "తిన్నావా", "తిన్నానండి" దగ్గరే ఆగిపోయేవి. అంతలో ఒక పిల్లల లైబ్రరీ పని మా ఇద్దరికీ వచ్చింది. కట్టబోయే భవనాన్ని గోడలు, స్తంభాలు, గొట్టాలతో సహా ముందే కంప్యూటర్లో నిలబెట్టి చూడటం నా ఉద్యోగం. దాన్ని బిల్డింగ్ మోడల్ అంటాం. నా మోడల్లో బీరువాలన్నీ ఖాళీ డబ్బాలు. అత్తయ్య సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పలకా, బందూ, స్క్రూ ఉండేవి, గోడ మాత్రం ఉండేది కాదు. రెంటి మధ్యా కొలతలు కాగితాల మీద తిరిగేవి.

నమూనా బీరువా సైటుకు వచ్చేలోపు ఒక స్తంభం కాస్త జరిగింది. ఆ సంగతి ఫ్యాక్టరీకి చేరలేదు. తలుపు స్తంభానికి తగిలి సగమే తెరుచుకుంది. ఇంకోసారి ఇలా అయితే చెక్కపని మానేసి ఇనుప ర్యాకులు పెట్టుకుంటామని లైబ్రరీవాళ్లు మీటింగు పెట్టి చెప్పేశారు. ఆ మీటింగులో అత్తయ్య నన్ను "మేడం" అన్నారు. నేనూ ఆమెను "మేడం" అన్నాను. ఇద్దరం ఒకే స్కూటర్ ఎక్కి ఇంటికి బయల్దేరడం చూసి సైటు ఇంజనీరు నోరు తెరిచాడు.

సిగ్నల్ దగ్గర బండి ఆపి అత్తయ్య వెనక్కి తిరిగారు.

"చూడప్పా, సుమ్నే, ఊరికే కొట్లాడేది ఏల? నీ డబ్బా, నా బీరువా ఒకటే కదా. రెండిట్లోనూ ఒకే పేరు పెడదాం. నీ గోడ కదిలితే నాకు తెలియాల, నా తలుపు మారితే నీకు తెలియాల."

ఆ ఆదివారమే భోజనాల బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టాం. మొదట ఆమె బీరువాలను స్క్రూలతో సహా పంపితే నా లాప్‌టాప్ బిగుసుకుపోయింది. తర్వాత, రెండు సాఫ్ట్‌వేర్లూ కొలత మొదలుపెట్టే మూలలు వేరు కావడంతో బీరువాలన్నీ వెళ్లి లైబ్రరీ మిద్దె మీద నిలబడ్డాయి.

"ఏందప్పా, నా బీరువాలను వడియాల మాదిరి ఎండబెట్టినావు!" అని ఆమె నవ్విన నవ్వుకు వంటింట్లోంచి మావారు గరిటెతో పరుగెత్తుకొచ్చారు.

"తెలిసిందంతా చెప్పొద్దు, ఎదుటివాళ్లకు కావాల్సింది చెప్పు" అన్నది ఆమె పెట్టిన నియమం. నా నుంచి గోడలు, స్తంభాలు, వైర్లు వచ్చే చోట్లు వెళ్లేవి. ఆమె నుంచి బీరువా బయటి కొలత, బరువు, తలుపు తెరుచుకునే జాగా వచ్చేవి. స్క్రూలు ఆమె దగ్గరే. ఆ నియమం మెల్లగా ఇంట్లోకీ వచ్చింది. మా అమ్మతో ఫోన్లో ఏం మాట్లాడానని అత్తయ్య ఎప్పుడూ అడగలేదు. ఇంటికి ఎప్పుడొస్తానో, తింటానో లేదో చెబితే చాలనేవారు. వింతేమిటంటే, అప్పటి నుంచే మా ఇద్దరి కబుర్లకు అంతు లేకుండా పోయింది.

చెక్క కోతకు అంతా సిద్ధమైన రోజున, ఏసీ గొట్టం కోసం మా ఆఫీసువాళ్లు ఒక గోడను ముందుకు జరిపారు. నేను మార్పు పంపగానే ఆమె తెర మీద కిటికీ పక్క బీరువా ఎర్రబడింది. వెంటనే ఫోన్.

"నీ గోడ నా బీరువాలోకి దూరి ఉండాది! కోత నిలిపినా. కొలత మారుస్తా. ఇంక నువ్వు గోడ ముట్టద్దు."

"ముట్టను అత్తయ్యా."

"ఆయ్తు" అని కన్నడంలో సరేనన్నారు.

ఆ గొంతులో కోపం లేదు, గెలిచిన సంబరం ఉంది. బిగించే రోజున బీరువాలన్నీ గోడల్లో చక్కగా కూర్చున్నాయి. ఇనుప ర్యాకుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం అందరూ వెళ్లిపోయాక, అత్తయ్య చెప్పులు విడిచి, కిటికీ కింద పిల్లలు కూర్చుని చదువుకోవడానికి చేసిన చెక్కగూట్లోకి ఎక్కి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. చీరంతా రంపపు పొట్టు. బయట వాన మొదలైంది. "రాప్పా, ఇద్దరికీ పడుతుంది" అన్నారు. అక్కడ ఒక్క పిల్లకే చోటని మా ఇద్దరి కంప్యూటర్లూ చెప్పాయి. అయినా ఎక్కి ఇరుక్కున్నాను. భుజాలు రాసుకుంటూ, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ, అద్దం మీద జారే వానను చూస్తూ కూర్చున్నాం.