మూడు మెట్లు దించిన పాట

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, టొరంటో దగ్గర మిల్టన్‌లో మా అమ్మాయి వాళ్ల వంటగదిలో చారు పెడుతుంటే, మనవరాలు ఫోను పట్టుకొచ్చి ఒక వార్త చూపించింది. న్యూయార్క్‌లో నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఓ పాత సంగీత నాటకాన్ని మళ్లీ వేస్తున్నారట, నాయిక వేషానికి బాగా పేరున్న సినిమా నటిని తీసుకున్నారట, ఆవిడకు అసలు పాడడం వచ్చా అని కింద జనం ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. ఈ నాటకం నీకు తెలుసా అమ్మమ్మా అని ఇంగ్లీషులో అడిగింది. తెలుసన్నాను. ఇంకేదో చెబుదామనుకునేలోగా దాని పార్ట్‌టైమ్ జాబ్‌కి టైమైంది, వెళ్లిపోయింది. స్టవ్ ఆపి కుర్చీలో కూర్చుంటే చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

ఆ నాటకంలో పాటలన్నీ నా వేళ్లకు తెలుసు. నేను కెనడా తూర్పు తీరాన హాలిఫాక్స్‌లో కాపురం పెట్టిన తొలి ఏళ్లలో, అక్కడి ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తాగా పనిచేస్తూ, ఆదివారాలు చర్చిలో పియానో వాయించేదాన్ని. నర్సాపురం దగ్గర మా నాన్నగారు పాస్టరు కావడం వల్ల హార్మోనియం, ఆర్గను రెండూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా చర్చి క్వయిర్‌లో పాడే ఒక తెల్లావిడ ఉండేది. నాకంటే పదేళ్లు పెద్దది, మా ఆసుపత్రి వంటశాలలోనే పని, మంచులో కారు నడపడం నాకు నేర్పింది ఆవిడే. నన్ను చెల్లీ అనేది కాదు గానీ, చలికాలం నా మెడకు మఫ్లరు సరిచేసిన తీరు చూస్తే మా అక్కయ్యే గుర్తొచ్చేది. అక్కయ్య అనే చెప్తాను ఇక్కడ కూడా.

అక్కయ్య ఊళ్లో ఉన్న ఓ చిన్న నాటక సమాజంలో పదిహేనేళ్లుగా బృందగానంలో వెనక వరసలో నిలబడి పాడుతోంది. వాళ్లకు పియానో వాయించే మనిషి కావలసి వస్తే నన్ను తీసుకెళ్లింది. ఆ ఏడు వాళ్లు ఈ నాటకమే వేద్దామనుకున్నారు. నాయిక నడివయసు మనిషి, పైస్థాయిలో పెద్ద పాటలు రెండున్నాయి. ఆడిషన్ ఎవరైనా ఇవ్వచ్చని బోర్డు పెట్టగానే అక్కయ్య నా దగ్గరికొచ్చి, ఈసారి నేనూ ఆడిషన్ ఇస్తాను, నువ్వు నాతో సాధన చేస్తావా అని అడిగింది. ఆరు వారాలపాటు లంచ్ టైమ్‌లో ఆసుపత్రి ప్రార్థన గదిలో, ఆ మూల ఉన్న పాత పియానో దగ్గర, తెచ్చుకున్న శాండ్‌విచ్‌లు విప్పకుండానే కూర్చున్నాం. ఆ పాట పైమెట్టు ఎక్కేచోట ఆవిడ గొంతు ఎలా విచ్చుకునేదో మాటల్లో చెప్పలేను. వార్డుల్లోంచి నర్సులు వచ్చి గుమ్మంలో నిలబడేవాళ్లు.

ఆడిషన్‌కి వారం ముందు దర్శకుడు నన్ను ఒక్కదాన్నే పిలిచాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. కిందటి రెండు నాటకాలకీ సగం కుర్చీలు ఖాళీ. టొరంటో టీవీలో ఒకప్పుడు ఇంటింటికీ తెలిసిన నటి ఒకావిడ వేషానికి ఒప్పుకుందని, కమిటీ పట్టుబట్టింది కాబట్టి పేరుకు ఆడిషన్ జరుగుతుందని చెప్పి, ఆవిడ గొంతు అంత పైకి వెళ్లదు, ఆ రెండు పాటల శ్రుతీ మూడు మెట్లు దించి రాసిపెట్టు అన్నాడు. నేను తలుపు దాకా వచ్చాక, "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ. ఇకనుంచి మా నాటకాలన్నిటికీ నువ్వే వాయించాలి" అన్నాడు.

నాకు అప్పుడు ముప్ఫై ఏళ్లు లేవు. ఆ హాల్లో నా రంగు మనిషి ఇంకొకరు లేరు. నా పేరు కూడా సరిగ్గా పలకని ఫైళ్ల గది నుంచి వచ్చి, ఒక నాటకశాలలో నువ్వే కావాలనిపించుకోవడం నాకు చిన్న విషయం కాదు. ఇంటికెళ్లి రాసిపెట్టాను. మర్నాడు ప్రార్థన గదిలో అక్కయ్య పాడుతుంటే అసలు శ్రుతిలోనే వాయించాను, ఏమీ చెప్పలేదు.

ఆడిషన్ రోజు ఆవిడ సెలవు పెట్టి, నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వచ్చింది. పాడుతుంటే కమిటీవాళ్లు రాయడం మానేశారు. దర్శకుడు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మూడు రోజుల తర్వాత టీవీ నటి పేరు ప్రకటించారు. అక్కయ్యకు మళ్లీ బృందగానమే, నటికి ఒంట్లో బాగాలేకపోతే ఆ వేషం వేయడానికి సిద్ధంగా ఉండమన్నారు.

ఆ సాయంత్రం పని నుంచి ఇంటికెళ్తూ, రేవు దాటించే ఫెర్రీ పడవలో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"తెలీదు" అన్నాను.

సరే అని తల ఊపింది.

ఆ నటిని ద్వేషించగలిగితే నాకు సుఖంగా ఉండేది. అదీ కుదరలేదు. అందరికంటే ముందు వచ్చేది, డైలాగు తప్పేది కాదు, తన గొంతు ఎంతవరకు వెళ్తుందో తనకు బాగా తెలుసు. హాలు మాత్రం రోజూ నిండింది.

రెండోవారంలో ఒక శనివారం ఆవిడకు గొంతు పూర్తిగా పోయింది. మ్యాట్నీకి రెండు గంటల టైముందనగా అక్కయ్యను సిద్ధమవమన్నారు. పాటలు అసలు శ్రుతిలో ఉంటేనే అక్కయ్య గొంతుకు అందం. కానీ వయొలిన్, క్లారినెట్ వాయించేవాళ్ల ముందున్నవన్నీ నేను దించి రాసిన కాగితాలే, అంత తొందరలో మార్చడం వాళ్లవల్ల కాదన్నారు. ఎక్కడెక్కడ చరణాలు తీసేశారో చూసుకుంటానని అక్కయ్య నా కాగితాలు అడిగి తీసుకుంది. ఏది రాసినా పైన తారీఖు వేయడం నాన్నగారి నుంచి నాకు వచ్చిన అలవాటు. ఆడిషన్ కోసం తను సెలవు పెట్టిన రోజును ఆవిడ ఎలా మరిచిపోతుంది? ఆ తారీఖు దానికి సరిగ్గా వారం ముందుది. చాలాసేపు చూసి, కాగితాలు వరస తప్పకుండా సర్దిపెట్టి, నా చేతికిచ్చి మేకప్‌కి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి ముందు వరసలోకి వచ్చి, తనది కాని శ్రుతిలో పాడింది. ఎక్కడా తప్పు లేదు. పైకి విచ్చుకోవలసిన చోట గొంతు మధ్యలోనే నిలిచిపోయింది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. నేను వాయిస్తూనే ఉన్నాను, ఇంకేం చేయగలను.

ఆట అయ్యాక, నాటకాల రోజుల్లో ఎప్పటిలాగే కారులో ఇంటి దగ్గర దించింది. నేను దిగబోతూ క్షమించమని ఏదో గొణిగాను. ఆవిడ ఇంజన్ ఆపకుండానే, "నువ్వు చెప్పినా నేను వచ్చి పాడేదాన్నే. కాకపోతే వాళ్లకేసి కాకుండా, నీకేసి తిరిగి పాడేదాన్ని" అంది.

కోపమేం చూపించలేదు. ఆదివారాలు పలకరించేది, మంచు పడితే జాగ్రత్తగా వెళ్లమనేది. ప్రార్థన గదికి మాత్రం మళ్లీ రాలేదు. రిటైరయ్యాక దేశానికి పడమటి వైపున్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. కొన్నేళ్లు క్రిస్మస్ కార్డు వచ్చేది, తర్వాత అదీ ఆగింది. దర్శకుడు మాట నిలబెట్టుకున్నాడు, ఇరవై ఏళ్లు వాళ్ల నాటకాలకు వాయించాను.

ఇప్పుడు అంతా బాహాటమే. స్టారును ముందే ఎంచుకుంటారు, ముందే చెప్పేస్తారు, ఎవరూ నీలం గౌను ఇస్త్రీ చేసుకుని వచ్చి మోసపోనక్కర్లేదు. అది మంచిదేనని నా బుద్ధికి తెలుస్తోంది. కానీ ఆ రోజుల్లో తలుపు తీసిపెట్టబట్టే కదా, అబద్ధానికైనా సరే, ఒక వంటశాల మనిషి లోపలికొచ్చి పాడింది, ఆ పాట నేను విన్నాను. ఈ రెంటిలో ఏది నయమో తేల్చుకునే ఓపిక నాకిప్పుడు లేదు. పియానో ముందు కూర్చుంటే వేళ్లు వంగడం లేదు గానీ, ఆ పాట ఎప్పుడు గుర్తొచ్చినా దించని శ్రుతిలోనే గుర్తొస్తుంది.