ఆదివారం మధ్యాహ్నం ఆల్టో

మా ఎదురింటి టీచరమ్మ పోయింది. మంగళవారం పొద్దున నేను అంగడి షట్టరు సగం ఎత్తి, నడుము పట్టుకుని నిలబడి ఉండగా ఆమె చెల్లెలు గడపలోంచి పిలిచింది. "అక్క లేస్తా లేదప్పా, ఒకసారి వచ్చి సూడు" అంది. గొంతులో భయం లేదు, విసుగు ఉంది. రోజూ అక్క పెట్టే కాఫీ ఆ రోజు తానే పెట్టుకోవాల్సి వచ్చిందని ఆ విసుగు. నేను వెళ్ళి చూశాను. నిద్రలోనే పోయింది, దుప్పటి కూడా చెదరలేదు. ఎనభై దాటిన మనిషి, ఒకరిచేత చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వీధి వీధంతా అంది. నేనూ అన్నాను. కానీ లోపల నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ ఆదివారం దాకా ఆగి ఉంటే ఈమె సొమ్మేం పోయేది? ఆ కోపం మీకు అర్థం కావాలంటే, చిత్తూరులో నగరి చీరలు అమ్ముకునే నాకు ఇంగ్లండు చర్చి పాటలతో ఏం పనో ముందు చెప్పాలి.

ఆమె ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. నాకు చదువు చెప్పలేదు, మా అక్కకు చెప్పింది. ఎప్పుడు అంగడికి వచ్చినా, "మీ అక్కకు ఇప్పుడన్నా పదమూడో ఎక్కం వచ్చిందా?" అని అడిగేది. మా అక్కకు మనవరాళ్ళు పుట్టారు, ఎక్కం మాత్రం ఇంకా రాలేదు. టీచరమ్మ పెళ్ళి చేసుకోలేదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ మిద్దె ఇంట్లో పోట్లాడుకుంటూ సుఖంగా ఉండేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఆమె మద్రాసులో టీచరు ట్రైనింగు చదివింది. అక్కడ ఓ పెద్ద చర్చిలో, గొట్టాల ఆర్గన్ పక్కన నిలబడి, పాట బృందంలో ఆల్టో పాడింది. ఆమె జీవితంలో ఆమెకు నచ్చిన కాలం అదొక్కటే అని కాదు, కానీ ఆ మాట వచ్చినప్పుడు ఆమె వీపు నిటారుగా అయ్యేది.

ఆల్టో అంటే ఏమిటో నాకు ఆమే చెప్పింది. ఆ చర్చిల్లో పాట నాలుగు గొంతుల్లో నడుస్తుంది. ఆడవాళ్ళలో హెచ్చు గొంతు వాళ్ళు అందరికీ తెలిసిన వరస పాడతారు. మగవాళ్ళలో ఒక జట్టు పైన, ఒక జట్టు కింద పాడతారు. ఆడవాళ్ళలో తగ్గు గొంతుది ఆల్టో, నడిమిది. "సీర కొనేవాళ్ళు అంచు సూస్తారు, కొంగు సూస్తారు. నడాన ఉండే నేతను ఎవురన్నా సూస్తారా? ఆ నేతేనప్పా ఆల్టో" అంది. చీరల మనిషికి చీరలతో చెబితే ఎక్కకుండా ఉంటుందా? ఇంకో మాట కూడా అనేది: "ఆల్టో విడిగా ఇనపడిందంటే అది తప్పు పాడినట్టే."

మా ఊరి చర్చిలో ఇప్పుడు కీబోర్డు, డ్రమ్ములు, అందరూ కలిసి ఒకే వరస. తప్పేమీ లేదు, హుషారుగానే ఉంటుంది. ఆమె కూడా తప్పు పట్టేది కాదు. కానీ నాలుగు గొంతులు లేని చోట నడిమి గొంతుకు పనేముంది? యాభై ఏళ్ళకు పైగా ఆమె తన పాట తాను పాడలేదు. పక్కవాళ్ళ వరసే పాడుతూ వచ్చింది.

వాళ్ళ మేనల్లుడెవరో ఆమెకు పెద్ద తెర ఉన్న ఫోను కొనిచ్చాక కథ మొదలైంది. ఓ మధ్యాహ్నం ఫోను తీసుకుని అంగడికి వచ్చింది. "దీంట్లో నా పాట దొరుకుతాదా సూడప్పా. ఆ కాలంలో మేం పాడినట్ల ఇంగ్లండు చర్చిల్లో ఇంకా పాడతారంట." నేను చర్చి పాటలు అని కొట్టాను. స్వస్థత సభలు వచ్చాయి. లండన్ చర్చి అని కొట్టాను. ఎవరిదో పెళ్ళి వచ్చింది. పెళ్ళికూతురి గౌను వెనక ఎంత పొడుగు గుడ్డ వృథా అయిందో చూసి నా ప్రాణం విలవిల్లాడింది. "సాయంకాలం ఆరాధన అని దానికొక పేరుండాది, ఈవెన్‌సాంగ్ అంటారు. అట్ల కొట్టు" అని ఆమె ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెప్పింది, నేను లెక్కల క్లాసులో పిల్లవాడిలా కొట్టాను. అప్పుడు దొరికింది. ఎవరో పుణ్యాత్ముడు ఒక పేజీ నడుపుతున్నాడు. ఏ ఊరి చర్చి, ఏ రోజు, ఏ గంటకు, ఏ పాట, చూడాలంటే ఎక్కడ నొక్కాలి, అన్నీ వారం వారం రాసి పెడతాడు. ఇందులో అతనికి వచ్చేదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతకుముందు వారం జరిగింది ఒకటి ఉంటే నొక్కాం. రాతి స్తంభాలు, కొవ్వొత్తులు, తెల్ల అంగీలు కనబడ్డాయి, పాట మొదలైంది. టీచరమ్మ స్టూలు మీంచి లేచి నిలబడింది. "ఇదే. ఇదేనప్పా" అంది. కొనడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఎందుకైనా మంచిదని లేచి నిలబడ్డారు. ఎదురింటి వసారాలోంచి చెల్లెలు కేకేసింది. "శెట్టీ, ఎవురు పోయినారు?"

చెల్లెలికి ఆ పాటలు చివరిదాకా అలాగే వినిపించాయి. "దొరల ఏడుపు" అనేది. అయినా ప్రతి వారం వచ్చి పక్కన కూర్చునేది.

ఈ పాటలు ఎక్కువగా వాళ్ళ సాయంత్రం జరుగుతాయి. మనకప్పుడు పడుకునే వేళ. అందుకని ఆదివారం పొద్దుటి ఆరాధన చూడడం అలవాటైంది. వాళ్ళ పదిన్నర మనకు మధ్యాహ్నం మూడు. నాకు అంగడి సెలవు, అక్కాచెల్లెళ్ళకు భోజనాలైపోయి ఉంటాయి. మా ఆవిడ పల్లీలు వేయించి పంపేది. ప్రార్థన జరిగేటప్పుడు నమలకూడదని టీచరమ్మ చట్టం, పాట జరిగేటప్పుడు అసలే నమలకూడదు. ఇక నమలడానికి మిగిలింది ప్రసంగం ఒక్కటే. ఆ ఇంగ్లీషు ప్రసంగాల్లో ఒక్క ముక్క నాకు అర్థమయ్యేది కాదు గానీ, అంత ఇష్టంగా నేను ఏ ప్రసంగం కోసమూ ఎదురు చూడలేదు.

ఓసారి చలికాలం మొదట్లో మూడు గంటలకు కూర్చున్నాం. తెర మీద గోపురం బొమ్మ ఒకటే ఉంది. త్వరలో మొదలవుతుంది అని రాసి ఉంది. నెట్టు పోయిందని నేను మిద్దె ఎక్కి దిగాను. ఫోను ఆపి మళ్ళీ వేశాను. చెల్లెలు, "దొరలకు కూడా కరెంటు పోతాదా?" అని సంతోషపడింది. గంటసేపు ఆ గోపురాన్నే చూస్తూ పల్లీలన్నీ తినేశాం. సరిగ్గా నాలుగుకి గంటలు మోగాయి. చలికాలంలో వాళ్ళు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటారని ఆ రోజే తెలిసింది. టీచరమ్మ పడీ పడీ నవ్వింది. "నా బళ్ళో ఇట్ల తిప్పనిచ్చి ఉంటే ఏ పిల్లా లేటుగా వచ్చేది కాదు గదప్పా!"

మొదట్లో పెద్ద పెద్ద చర్చిలు చూశాం. తర్వాత ఆమె ఒక చిన్న ఊరి చర్చి దగ్గర ఆగిపోయింది. పాడేవాళ్ళు పది మంది, అందరూ పెద్దవాళ్ళే, ఒకాయనకు ఎప్పుడూ దగ్గే. అంత గొప్పవి వదిలేసి ఇదెందుకు టీచరమ్మా అని అడిగాను. "పెద్ద సోట్ల అన్నీ నిండుగా ఉండాయి. ఈడ సూడు, ఆల్టోకు ఇద్దరే. దాంట్లో ఒకామె వారం మార్చి వారం రాదు" అంది. ఆ ఆదివారం నుంచి ఆమె చూడడం మానేసి పాడడం మొదలుపెట్టింది. రెండో ఆమె రాని వారాల్లో కాస్త గట్టిగా పాడేది.

అక్కడితో ఆగితే ఆమె టీచరమ్మ ఎందుకవుతుంది? ఓ వారం ఆర్గన్ మోతలో ఆల్టో అస్సలు వినపడలేదు. పాట కింద, చూసేవాళ్ళు మాటలు రాసుకునే చోటు ఉంటుంది. "రాయప్పా. ఆల్టో ఇనపడలేదు, మైకు ఇంకోపక్కకు జరపండి అని రాయి" అంది. నేను జంకాను. వాళ్ళెక్కడ, మనమెక్కడ? "తప్పును తప్పని సెప్పేదానికి దూరమేంది?" అంది. ఆమె ఇంగ్లీషులో చెప్పింది, నేను కొట్టాను. వెంటనే జవాబు వచ్చింది: క్షమించాలి, మీరు ఎక్కడి నుంచి? తర్వాతి వారం మైకు జరిగింది. చెల్లెలు ఆ రోజు మొదటిసారి అక్కను మెచ్చుకుంది. "ఇంట్లో కొళాయి బాగు సేయించలేదు గానీ ఇంగ్లండులో మైకు జరిపించింది" అంది.

అయినా ఒక దిగులు ఆమెను వదల్లేదు. ఓ రోజు పాట అయిపోయాక తెర నల్లబడితే, అందులో తన ముఖం చూసుకుంటూ అంది. "నేను వాళ్ళను ఇంటా ఉండా. వాళ్ళు నన్ను యాడ ఇంటారప్పా? నలుగురూ ఇనకపోతే అది ఆల్టో కాదు, గొణుగుడు." 

జవాబు మొన్న ఎండాకాలంలో వాళ్ళే పంపారు. చర్చి పండుగకు ఒక పాట అనుకున్నారట. దూరాన ఉండి చూసేవాళ్ళు ఎవరి గొంతు వాళ్ళు రికార్డు చేసి పంపితే, అన్నీ కలిపి, ఆ రోజు చర్చిలో బృందంతో పాటు స్పీకర్లలో వేస్తారట. ఆ ముక్క చదివి వినిపించగానే టీచరమ్మ లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది.

సాధన జోరుగా సాగింది. రికార్డింగే సాగలేదు. మొదటిసారి సగంలో, బంగారుపాళ్యం మామిడి అని ఆటో మైకు వీధిలోకి వచ్చింది. రెండోసారి చెల్లెలి కుక్కరు కూసింది. మూడోసారి ఆమె చివర దాకా పాడింది గానీ కాకులు బృందంలో చేరాయి. చివరికి నాకే తట్టింది. మా అంగడి వెనక గోడౌన్లో నేల నుంచి కప్పు దాకా చీరల కట్టలు. అక్కడ అరిచినా బయటికి వినపడదు, మా నాయన నన్ను తిట్టాలంటే అక్కడికే తీసుకెళ్ళేవాడు.

ఆమె చర్చికి కట్టే తెల్ల చీర కట్టుకుని వచ్చింది. సన్న అంచు, మా అంగడిదే. చెప్పులు బయట వదిలింది. ఫ్యాను చప్పుడు పడుతుందని ఆపేశాం. ఆమె ఫోను తీగ ఆమె చెవిలో, అందులో వాళ్ళు పంపిన ఆర్గన్. నా ఫోను నా చేతిలో, రికార్డుకు. జూన్ ఎండ, నగరి చీరల గంజి వాసన. ఆమె కళ్ళు మూసుకుని పాడింది. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. పాటలా లేదది. రెండు మూడు మెట్లే ఎక్కుతూ దిగుతూ ఎక్కడికీ పోకుండా తిరుగుతోంది.  నేనిలా జంకుతానని ఆమె సాధనప్పుడే చెప్పి ఉంది: "ఒంటిగా ఇంటే ఇట్నే ఉంటాది. నలుగురితో కలిసినాక సూద్దువు." పాట అయిపోగానే ఇద్దరం చెమట తుడుచుకుంటూ బయటపడ్డాం. వెనకా ముందూ కత్తిరించడం నాకు రాదు, ఉన్నది ఉన్నట్టు పంపేశాను. చేరింది అని జవాబు వచ్చింది. ఆదివారం వేస్తాం అన్నారు. ఆమె మంగళవారం పోయింది.

బుధవారం సాగనంపాం. మా చర్చి నిండిపోయింది. మా అక్క కుప్పం నుంచి వచ్చి, పెట్టె దగ్గర నిలబడి ఏడుస్తూ పదమూడో ఎక్కం మొదలుపెట్టి, నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. మిగిలింది నేనే అందుకున్నాను.

ఆదివారం మూడు గంటలకు నేనూ మా ఆవిడా ఆ మిద్దె ఇంటికి వెళ్ళాం. చెల్లెలు ఫోను తుడిచి బల్ల మీద పెట్టి ఉంది. పల్లీలు ఎవరూ ముట్టలేదు. పాట వేళ వచ్చింది. పాదిరి ఊళ్ళ పేర్లు చదివాడు. చివర మా ఊరి పేరు కూడా చదివాడు, నోరు తిరగక నానా తంటాలు పడ్డాడు. అందరూ లేచారు. ఆర్గన్ మొదలైంది.

నేను ఆమె కోసం వెతికాను. దగ్గాయన గొంతు తెలిసింది. హెచ్చు గొంతులు తెలిశాయి. ఆమె ఎక్కడా లేదు. "అక్క యాడప్పా?" అంది చెల్లెలు. ఇక్కడే ఉంది అన్నాను. ఉంది, నిజంగానే ఉంది, ఒక్క తప్పూ పాడలేదు కాబట్టి దొరకడం లేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పాట ముగిసింది. ఆర్గన్ ఆగింది. వాళ్ళింకా నిలబడే ఉన్నారు, ఆ పెద్ద రాతి గది అంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, స్పీకర్లలోంచి, చర్చి మొత్తానికి వినపడేలా టీచరమ్మ గొంతు వచ్చింది.

"సాలప్పా, ఆపు. ఉడికిపోతా ఉండాం. పద, బైటికి పోదాం."

అక్కడ పాట బృందం తలలన్నీ ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాయి. ఇక్కడ చెల్లెలు మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, గడప దగ్గరికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"వస్తా ఉండా లేక్కా" అంది.